గోడ మీది తమ్ముడు

మా ప్రార్థన మందిరం ప్రహరీ గోడ మీద నా తమ్ముడు రెండుసార్లు ఉండేవాడు. ఎడమవైపు చేతిలో సీసాతో, గుండీలు ఊడిన చొక్కాతో కాలవ పక్కన పడి. కుడివైపు తల దువ్వుకుని, చేతులు జోడించి. ఆ బొమ్మలు వేసింది కూడా వాడే. వాడు బోర్డులు రాసే పెయింటర్. తాగుడు మానేసి ఐదు నెలలయిందని తెలియగానే కమిటీ కార్యదర్శి వాణ్ణి పిలిచి, "నీ బొమ్మ నువ్వే వెయ్యి, చూసి నలుగురూ బాగుపడతారు" అన్నాడు. మనిషి పరువు ఆ మనిషి చేతే గోడకెక్కించాలన్న తెలివి ఎవరికి పడితే వాళ్లకి రాదు.

ఈ కార్యదర్శిని మేం మైకాయన అంటాం. మైకు దొరికితే వదలడు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు.

ఆయన్ని తిట్టడం తేలికే. ఆ గోడ చూసి నేనూ మురిసిపోయాను. వీధిలోవాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మరీ చూపించాను. వాడు మాత్రం ఆ దారి మానేసి వెనక సందులోంచి పనికి వెళ్లేవాడు. ఎందుకురా అంటే, "ఎడమవైపు వాడు నన్నే చూస్తుంటాడక్కా" అనేవాడు. నా బుద్ధి గడ్డి తిని నవ్వేశాను.

ఏడో నెలలో మళ్లీ తాగాడు. రంగు డబ్బాల మధ్య కూర్చుని ఏడుస్తూ దొరికాడు. మళ్లీ మొదలుపెడితే ఈసారి కాలేయం నిలవదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. వాడికి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకానే గండం. పని దిగి, చేతులు కడుక్కుని, ఏం చెయ్యాలో తోచని వేళ అది. ఆ వేళకి నేను కుట్టు ఫ్యాక్టరీలో మిషను మీద ఉంటాను. అందుకే మైకాయన దగ్గరికి వెళ్లాను.

"రెండొందల మందిమి ఉన్నాం కదండీ. రోజుకొకరు వచ్చి వాడి పక్కన కూర్చుంటే చాలు. ఏమీ చెప్పక్కర్లేదు."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారమ్మా పెద్దలు."

"తొక్కాడండీ. ఇప్పుడు కడగడానికి మనిషి కావాలి."

"ప్రార్థనలో పెడతాంలే. పన్నెండు రోజుల్లో వార్షికోత్సవం, అతిథులొస్తున్నారు. అప్పటిదాకా ఈ మాట బయటికి పొక్కనివ్వకు. గోడ మీద బొమ్మ ఉందాయె."

నా తమ్ముడి కాలేయం కన్నా గోడ మీది రంగు ముఖ్యం ఆ పెద్దమనిషికి. మందిరం గుమ్మం దగ్గర చెప్పులు చూసే, మేమంతా అత్తా అని పిలిచే ఆవిడ ఇదంతా విని, నా చెప్పులు నాకిచ్చింది.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఇల్లు చేరేసరికి ఆ అత్త మా మెట్ల మీద ఉంది. ముందు గోనెసంచి. అందులో చెప్పులు పెట్టినవాళ్లకి ఇచ్చే చెక్క బిళ్లలు, రెండొందల ఇరవై. అంకెలు చెరిగిపోయాయని తమ్ముడి చేత రాయిస్తోంది.

"చెయ్యి వణుకుతోందత్తా, వంకరపోతున్నాయి."

"వంకరైనా అంకె అంకేరా. చెప్పులొచ్చి అడుగుతాయా?"

వెళ్తూ నాతో అంది. "మా ఆయన పోయేముందు మనిషి తోడు కోసం నేనూ ఈ కమిటీవాళ్ల కాళ్లావేళ్లా పడ్డానే. ప్రార్థన పుస్తకం పంపించారు. ఆయనకి చదువు రాదు."

రోజూ ఆరింటికి వచ్చేది. ఇరవై కాగానే సంచి మూతి కట్టేసేది. ఇంకో పది రాస్తానని వాడు బతిమాలినా వినేది కాదు, రేపటికి ఉండాలి కదా అనేది. పదకొండు సాయంత్రాలు అలా గడిచాయి. వాడు చుక్క ముట్టలేదు.

వార్షికోత్సవం రోజు తమ్ముడు అత్త పక్కన నిలబడి బిళ్లలు ఇస్తున్నాడు. మైకాయన రొప్పుతూ వచ్చాడు.

"ఇక్కడున్నావేంటయ్యా? వేదిక మీద నీ పేరు చెప్పేశాను, రా."

"వస్తానండి. కానీ పన్నెండు రోజులనే చెప్తాను, ఏడు నెలలని చెప్పను. చెప్పమంటారా?"

మైకాయన గిరుక్కున తిరిగి వేదిక వైపు వెళ్లిపోయాడు. కాసేపటికి లౌడుస్పీకర్లో, మన సోదరుడు సేవ కోసం దూరప్రాంతం వెళ్లాడని వినిపించింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఆ దూరప్రాంతం వెళ్లినవాడు వాళ్ల చెప్పులే సర్దుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే గోడకి సున్నం కొట్టించారు. కుడి బొమ్మకే. ఎడమది ఉండాలిట, జనానికి భయం ఉండాలిట. ఇన్నాళ్లూ ఈ మనుషుల మధ్య కూర్చుని చేతులు జోడించానా అని నా మీద నాకే రోత పుట్టింది.

తమ్ముడూ చూశాడు. నాకు ఆ రోజు సెలవు. ఆరింటికి వాడు చేతులు కడుక్కుని మెట్ల మీద కూర్చుని వీధి చివరికేసి చూస్తున్నాడు. బిళ్లలన్నీ అయిపోయాయి. ఇక అత్త ఎందుకొస్తుంది? తలుపు వెనక నిలబడి నేనూ వీధి చివరికేసే చూశాను.

ఆరూ పదికి అత్త సంచితో వచ్చింది. బిళ్లలు మెట్టు మీద గుమ్మరించి, ఒకటో నంబరు వెతికి తీసి, కొంగుకి కట్టుకున్న టర్పెంటైన్ గుడ్డతో దాని మీది రంగు తుడిచేసింది. తర్వాత రెండు. తర్వాత మూడు.

"ఈ మొదటి ఇరవై మరీ వంకరగా ఉన్నాయిరా. మళ్లీ రాయి."

"వంకరైనా అంకె అంకేనన్నావు కదత్తా."

"అన్నానులే. కుంచె తెచ్చుకో."