మూతకు పెట్టిన రంధ్రం

మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు రేడియోల ఫ్యాక్టరీలో పనిచేసింది. తయారైన రేడియోల్లో స్టేషన్లు సరిగ్గా పలికేలా సరిచేసే బల్ల ఆమెది. ఇంట్లో మాత్రం ఆమెను పనిమంతురాలిగా ఎవరూ లెక్కచెయ్యలేదు. ఆ లెక్కచెయ్యనివాళ్లలో నేనూ ఉన్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ నెల నేను సొంతంగా ఒక సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పలికే పెట్టె, తయారుచేశాను. మా వీధి నాటక బృందానికి సంగీతం నేనే వాయిస్తానని గొప్పగా మాటిచ్చాను. ప్రదర్శన ఆదివారం. శుక్రవారానికల్లా శ్రుతి నిలవకపోతే రికార్డు పెట్టుకుంటామని దర్శకుడు తేల్చి చెప్పేశాడు. పెట్టెలో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పి కింది సా, పై సా రెండూ కుదిరేలా చెయ్యాలి. ఇంట్లో చక్కగా కుదిరేది. రిహార్సల్‌కు తీసుకెళ్తే పై స్వరాలన్నీ దారి తప్పేవి. వైర్లు మార్చాను, చిప్పు మార్చాను, అది అమ్మినవాడితో గొడవపడ్డాను. వారం రోజులు ఇంట్లో అందరి మీదా చిటపటలాడాను.

గురువారం పొద్దున పెద్దమ్మ టీ గ్లాసుతో వచ్చి నా పక్కన కూర్చుంది. అరగంట నా పని చూసింది. బల్ల మీది కాగితాలు ఎగిరిపోతుంటే వాటిమీద పట్టకారు పెట్టింది. తర్వాత లేచి ఫ్యాను ఆపేసింది.

"ఉక్కపోస్తుంది పెద్దమ్మా" అన్నాను.

"పొయ్యనీ. నువ్వు సరిచేస్తున్నది మూత తీసిన పెట్టెని, అదీ ఫ్యాను కింద. వాయించేది మూత పెట్టాక. లోపల వేడెక్కాక అదే స్వరం ఎందుకు పలుకుతుందిరా?"

ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలంతా ఈ తప్పే చేసేవాళ్లట. స్క్రూకి సరిగ్గా ఎదురుగా మూత తియ్యకుండానే దాన్ని తిప్పేలా మూతకు ఒక రంధ్రం పెట్టించింది. మూత బిగించి, స్విచ్చి వేయించి, అరగంట దాన్ని ముట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత ఫోన్లో శ్రుతి పలికించి, దాన్ని కూడా పెట్టె పలికే స్పీకర్‌లో కలిపించి, స్పీకర్ కాగితపు పొర మీద తన వేలు ఆనించింది. రెండు స్వరాల మధ్య కాస్త తేడా ఉన్నా ధ్వని ఊగుతుంది. కుదిరితే ఆ ఊగు ఆగిపోతుంది. దానికి వేలెందుకు, చెవితో వింటే చాలదా అన్నాను.

"పై స్వరాలు నాకు వినపడక పదేళ్లయింది" అంది, మామూలుగా.

పక్క షెడ్డులో రేకులు కొట్టే యంత్రాల హోరుకు అలా అయిందట. ఉద్యోగం పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పకుండా, చివరి నాలుగేళ్లూ వేలితోనే పని నెట్టుకొచ్చిందట. మాకూ చెప్పలేదు. పిలిస్తే పలకదు, పొగరు అని మేం చాటుగా అనుకునేవాళ్లం. నాకు చాలా సిగ్గేసింది.

రంధ్రంలోంచి స్క్రూ తిప్పుతూ, విసుగొచ్చి రెండుసార్లు కుదిరిపోయిందన్నాను. ఇంకా ఊగుతోందని ఆమె వేలు తియ్యలేదు. మూడోసారి నేనేమీ అనకముందే తీసేసింది.

శుక్రవారం శ్రుతి చెదరలేదు. దర్శకుడు రికార్డు ఊసెత్తలేదు. నా మాట నిలబెట్టింది ఆ వేలు. బతికినంతకాలం దానికి కృతజ్ఞతతో ఉంటాను.

ఆదివారం నాటకం ఒక పై స్వరంతో ముగిసింది. చాలాసేపు వాయించాను, అది కదల్లేదు. మొదటి వరుసలో పెద్దమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇంటికి నడుస్తుంటే, "ఆఖర్న వాయించావే, అదెలా వచ్చిందిరా?" అని అడిగింది.

హాల్లో అందరూ విన్నారు, ఆమె తప్ప. ఆగి, ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఊగలేదు పెద్దమ్మా. కాస్త కూడా ఊగలేదు."