ప్యాకెట్టు బొమ్మతో సరిపోలని మొలకలు

మా బాబాయి ముప్పై ఆరేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఆఖరి రోజున వాళ్ళు ఒక గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపించారు కానీ, జేబులోని ఎర్రకలం మాత్రం లాక్కోలేదు. ఆ పాటి ముందుచూపు ఉండుంటే మా పిన్ని సుఖపడేది.

దిద్దడానికి ఇంట్లో మిగిలింది ఆవిడ ఒక్కతే. సరుకుల చీటీ దిద్దాడు. పాలవాడి కోసం తలుపుకి అంటించిన కాగితం దిద్దాడు. ఆవిడ ఫోన్లో వాళ్ళక్కతో మాట్లాడుతుంటే పక్కనే నిలబడి, "మొన్న కాదు, అటుమొన్న" అని అందించేవాడు. రెండు గదుల ఇల్లు. పారిపోదామంటే మూడో గది లేదు. నాలుగు నెలలు తిరిగేసరికి పిన్నికి తల ప్రాణం తోకకొచ్చింది.

నన్ను పిలిచి, "వానలు పడేలోగా మీ బాబాయి చేతికి ఇంకో పని చూపించరా. లేకపోతే నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ ఎప్పుడొస్తావని మాత్రం అడగొద్దు" అంది.

పిన్ని నవ్వుతూ అనుంటే నేనూ నవ్వేవాణ్ణి. నవ్వలేదు. నాకు నిజంగానే భయమేసింది.

భయంలో మనిషి సలహాలిస్తాడు. నేను బాల్కనీలో మందులు కొట్టని కూరగాయలు పండించమన్నాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ. టమాటాలకు అది చాలని ఎక్కడో విన్నాను. నాలుగు కుండీలు, మట్టి, కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు, ఒక టమాటా విత్తనాల ప్యాకెట్టు, ఎలా పెంచాలో చెప్పే చిన్న పుస్తకం కొని తెచ్చిపెట్టాను.

బాబాయి వారం దాకా కుండీల మొహం చూడలేదు. ముందు పుస్తకం పట్టాడు. నలభై మూడు తప్పులు ఏరి, పేజీ నంబర్లతో సహా ప్రచురణకర్తలకు పోస్టు చేశాడు. వాళ్ళ నుంచి జవాబు రాలేదు. బహుశా వాళ్ళూ ఎవరో ఒక అక్క దగ్గరికి వెళ్ళిపోయి ఉంటారు.

తర్వాత ఎరువు తయారీ. పాత రంగుల డబ్బాకి చిల్లులు పొడిచి, వంటింటి తొక్కలు ఒక వరస, చింపిన పేపర్లు రెండు వరసలు వెయ్యమంది పుస్తకం. బాబాయి ఆ పేపర్లను చింపే ముందు కూర్చుని దిద్దేవాడు. డబ్బాలో పడే పురుగులకు తప్పుల భాష అలవాటు కాకూడదని కాబోలు.

చివరికి విత్తనాలు నాటాడు, స్కేలు పెట్టి. వారానికి మొలకలొచ్చాయి. ఇల్లంతా నిశ్శబ్దం. పిన్ని ఫోన్లో హాయిగా తప్పులు మాట్లాడుకుంది. మూడు రోజులు పోయాక నేను వెళ్ళి చూస్తే, కుండీల్లో మట్టి తప్ప ఏమీ లేదు. బాబాయి ఒక చేత్తో ప్యాకెట్టు, ఒక చేత్తో చిన్న పట్టుకారు పట్టుకుని కూర్చున్నాడు.

"మోసంరా. దీని మీద ఆకు చూడు, అంచులు చీలికలు చీలికలుగా ఉన్నాయి. వచ్చినవేమో నున్నగా, కోలగా ఉన్నాయి. మూలంతో సరిపోలలేదు. అంతా కలుపే. పీకేశాను."

నేనూ సరే అన్నాను. టమాటాతో నా పరిచయం కూరల బండి దగ్గరే కదా. ఇంకో ప్యాకెట్టు తెచ్చాను. పీకేశాడు. మరొకటి తెచ్చాను. అదీ అంతే. ఖాళీ కుండీలతో పనేముంటుంది, ఎర్రకలం మళ్ళీ వంటింట్లోకొచ్చింది.

వాన మొదలైన రోజు పిన్ని సంచి సర్దుకుంది. బస్సు దాకా దిగబెట్టడానికి నేను వెళ్ళాను. బయల్దేరేముందు ఆవిడ తొక్కలు పారేద్దామని బాల్కనీ మూల ఎవరూ పట్టించుకోని, మూత లేని ఎరువు డబ్బా దగ్గరికి వెళ్ళి, మమ్మల్నిద్దరినీ పిలిచింది.

తొక్కల్లోంచి ఒక టమాటా మొక్క జానెడు లేచి ఉంది. ఎవరూ నాటలేదు. దానికి ప్యాకెట్టు లేదు కాబట్టి బాబాయి పోల్చి చూడలేదు, అందుకే బతికింది. కింద రెండాకులు నున్నగా, కోలగా. పైవన్నీ చీలికలు చీలికలుగా, అచ్చం బొమ్మలోలాగే.

"మొదటి రెండూ అలాగే వస్తాయి కాబోలు" అంది పిన్ని. "మీరు ఆగితేగా. పెళ్ళైన కొత్తలో పుట్టింటినుంచి మీకో ఉత్తరం రాశాను. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపారు. ఆ తర్వాత నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు."

బాబాయి వంగి ఆ కింది రెండాకుల్నీ వేలితో తాకాడు. "పదకొండు తప్పులు" అన్నాడు. "అవి గుర్తున్నాయి. ఏం రాశావో గుర్తులేదు."

"తొందరగా వచ్చి తీసుకెళ్ళమని రాశాను."

నేను సంచి అందుకున్నాను. మేము మెట్లు దిగుతుంటే బాబాయి వెనకాలే దిగాడు, చెప్పులు కూడా లేకుండా. వీధిలో వానలో నిలబడి, "ఎల్లుండి వచ్చి తీసుకొస్తాను" అన్నాడు.

పిన్ని గొడుగు విప్పుతూ, "ఎల్లుండి కాదు, రేపు" అంది.

బాబాయి మాటను ఒకరు దిద్దడం నేను చూడటం అదే మొదటిసారి. ఆయన సరేనని తలూపాడు.