నిలువునా ఆగిపోయిన గడ

ఒక మనిషి ఆకాశం వైపు బయలుదేరి, ఊరంతా చూస్తుండగా సగం దారిలో ఆగిపోయి, వచ్చిన దారినే వెనక్కి తిరగడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో ఆదోనిలో అది ఒకసారి జరిగింది. ఆ మనిషిని నేనే కనుక వివరాలకు పూచీ నాది. గాలిలో ఉండగా నాకు కనబడని భాగాన్ని మాత్రం, చూసినవాళ్లను విడివిడిగా విచారించి, అందరి మాటా కలిశాకే రాస్తున్నాను.

అప్పుడు మా తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. వెదురుగడ ఊతంతో అడ్డకర్ర మీదుగా దూకే పోటీలో ఆదోని, ఎమ్మిగనూరు బడుల పిల్లల్లో ఎవడు గెలిస్తే వాడు బళ్లారి వెళ్లాలి. నాకు పతకం మీద మోజు లేదు. గాలి తీసేసిన గాజుగొట్టంలో ఈక, నాణెం ఒకేసారి కిందపడతాయని పుస్తకంలో చదివాను. కళ్లారా చూస్తే తప్ప నమ్మనని భీష్మించాను. ఆ గొట్టం ఉన్నది బళ్లారిలోని ప్రయోగశాలలో. ఈక కింద పడటం చూడటానికి కొడుకును రైలెక్కించే పత్తి వ్యాపారి కాదు మా నాయన. కాబట్టి నాకు మిగిలిన దారి గాలిలోంచే.

మా డ్రిల్లు అయ్యవారు నేర్పిన పద్ధతి స్పష్టంగానే ఉండేది. గడ మొనను భూమిలో పాతిన తొట్టిలో గుచ్చేటప్పటికి పైచేయి నిటారుగా ఉండాలి. నేలను తన్నే ఎడమపాదం సరిగ్గా ఆ చేతికిందికి రావాలి. ఎగిరాక రొమ్ము ముందుకు పోవాలి, కాళ్లు వెనక మిగలాలి.

"గడ లేసేదాకా పొడుగ్గా యాలాడు. ఆనక కాళ్లు పైకి ఊపు. తొందరపడితే సెడతావు" అనేవారు.

"ఎందుకు సార్?"

"ఎందుకేందిరా? అట్ల చేసినోడు పైకి పోయినాడు. చేయనోడు కిందికొచ్చినాడు."

"అది ఫలితం సార్. కారణం కాదు."

ఆయన నా వైపు చూసిన చూపులో, ఈ పిల్లవాణ్ని గడకు కట్టి ఎగరేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కనిపించింది.

కారణం దొరక్కపోవడంతో ప్రయోగానికి పూనుకున్నాను. పొట్టి లోలకం పొడుగు లోలకం కన్నా వడిగా ఊగుతుంది. కాబట్టి ఎగిరీ ఎగరగానే మోకాళ్లు ముడుచుకుంటే నేను పొట్టి లోలకమై, అందరికన్నా ముందే అవతల ఉంటాను. పోటీ ముందురోజు మా పత్తి గోదాములో దూలం పట్టుకుని వేలాడాను. ఒకసారి కాళ్లు చాచి, ఒకసారి ముడిచి ఊగాను. ముడిచినప్పుడు నిస్సందేహంగా వేగం పెరిగింది.

మా నాయన తలుపు దగ్గర నిలబడి, "ఏంరా, గబ్బిలం మాదిరి యాలాడతాండావు?" అన్నాడు.

"దూకేది పరీక్ష చేస్తాండాను నాయనా."

"నువ్వు ఎగురుతావో లేదో నాకు తెలీదప్పా. పడేది మాత్రం కాయం" అని వెళ్లిపోయాడు. మర్నాడు చూద్దును కదా, మైదానంలోని ఇసుకగుంత మీద మెత్తగా పత్తి పరిచి ఉంది. ఆటలంటే గిట్టని ఆ మనిషి తెల్లవారకముందే బండి మీద పంపించాడట.

చివరికి ఇద్దరమే మిగిలాము. రెండోవాడు ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి కుర్రాడు ఓబులేసు. వాళ్ల గడ పొద్దున్నే విరగడంతో ఇద్దరికీ మా గడే దిక్కు. ముందు నా వంతు.

పరుగెత్తాను. పైచేయి నిటారుగానే ఉంది, పాదం దానికిందే పడింది. అంతవరకు అయ్యవారి శాస్త్రం. ఆ తరువాత నాది మొదలైంది. ముట్టుకున్న రోకలిబండ పురుగులా చుట్టుకుపోయాను.

ఇక్కడ చదువరులు ఒక చిన్న విషయం గమనించాలి. గోదాములో దూలం కదలదు. గడ కదులుతుంది. నేను మోకాళ్లను గడ్డానికి ఆనించి నా బరువునంతా ముందే పైకి చేర్చేసరికి, దాన్ని మోసుకుంటూ లేవవలసిన గడకు ఊపు చాలలేదు. నిలువుకు కాస్త ఇవతలే ఆగిపోయింది. న్యూటనును మనసులో తలచుకున్నాను, ఆయన పలకలేదు. గడ మెల్లగా, ఎంతో మర్యాదగా, వెనక్కి ఒరగసాగింది. వెనక ఉన్నది పత్తి కాదు, గట్టినేల.

అప్పుడు ఓబులేసు పరుగున వచ్చి, గడను రెండు చేతులా పట్టి ముందుకు తోశాడు. నేను హడలిపోయి పట్టు వదిలాను. వెళ్లి మా నాయన పరిచిన పత్తిలో పడ్డాను. అడ్డకర్ర చెక్కుచెదరలేదు. చెదరకపోవడానికి కారణం, నేను దాని కింద నుంచి దాటడం. దూరాన ఉన్న మా నాయనకు కర్ర చెదరలేదన్నదే కనిపించి, లేచి చప్పట్లు కొట్టాడు. ఆయన నన్ను మెచ్చుకుని చప్పట్లు కొట్టడం అదే మొదలు. నేను ఆ ఫలితాన్ని సవరించలేదు.

ఓబులేసు అదే గడతో, పొడుగ్గా వేలాడి, ఆనక ఊగి, హాయిగా దాటి గెలిచాడు. ఆ సాయంత్రం చీపురుపుల్లకు బంకమట్టి ముద్ద అంటించి, ఒక కొస నేలకు ఆనించి, ఏటవాలుగా పట్టి పైకి తోసి చూశాను. ముద్ద సగంలో ఉన్నప్పుడు చిన్న తోపుకే పుల్ల నిలువు దాటి అవతల వాలింది. ముద్దను కొసకు జరిపి అంతే తోపు తోస్తే, ఆగి, వెనక్కి పడింది. అయ్యవారికి చూపించి క్షమాపణ అడిగాను.

ఆయన పుల్లను రెండుసార్లు తానే తోసి చూసి, "ఇదేనా కారణం? బాగుందిరా" అన్నారు. తరువాత మరో మాట అన్నారు. "ఆ గడ బళ్లారికి పోవాల. ఎనకకొస మోసేదానికి ఒకడు కావాల. వస్తావా?"

అలా బళ్లారి చూశాను. అయ్యవారే వెంట ఉండి నా తరఫున అడగబట్టి, ప్రయోగశాల తలుపు తెరిచారు. ఈక, నాణెం కలిసే పడ్డాయి. ఇంకోసారి వేయమన్నాను. మళ్లీ కలిసే పడ్డాయి.

తిరుగు రైలులో, ప్రాణం నిలిపిన ఓబులేసుకు చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. వాడు విస్తుపోయాడు.

"నిన్ను పట్టుకునేదానికి ఎవురొచ్చినారప్పా? గడ ఇరిగితే నేను దేంతో ఎగరాల?"

కారణం ఏదైనా ఫలితం మాత్రం నేనే. ఈ ఒక్క విషయంలో కారణాన్ని పక్కన పెట్టి, ఫలితానికే ఈనాటికీ వాడికి మొక్కుతున్నాను. భూమ్యాకాశాల సాక్షిగా, మధ్యలో నన్ను కాసేపు నిలబెట్టిన ఆ వెదురు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కదలని దూలం దగ్గర రుజువు చేసిన దేన్నీ, పత్తి పరిచినవాడూ గడ కోసం పరుగెత్తేవాడూ దగ్గర లేకుండా, ఇక ఈ జన్మలో ఎగిరి చూడను.