అక్క నేర్చుకున్న ఇంగ్లీషు

మొన్న మధ్యాహ్నం మా గిద్దలూరు ఇంట్లో మనవరాలు ఫోను ముందు పెట్టుకుని, అందులో ఎవరో పలుకుతున్న ఇంగ్లీషు నుడికారాలను వల్లె వేస్తూ, త్రూ థిక్ అండ్ థిన్ అంటే ఏంది అవ్వా అని అడిగింది. ఏళ్ళ తరబడి బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని, టక్కున చెప్పవలసింది, నాకు మా అక్క గుర్తొచ్చింది. ఆ మాట నేను మొదట విన్నది బడిలో కాదు, కొమరోలు దగ్గర మా పల్లెలో, మా ఇంటి పంచలో.

అక్కను మేనత్త కొడుక్కే ఇవ్వాలని వాళ్ళిద్దరి చిన్నప్పుడే పెద్దవాళ్ళు అనుకున్నారు. బావ మార్కాపురంలో డిగ్రీ చదివేవాడు. అక్క ఏడో తరగతితో బడి మాని అమ్మతో కూలికి పోయేది. రేపు పట్నంలో ఉద్యోగమొస్తే తన భార్య నలుగురిలో నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడాలని బావ కోరిక. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వచ్చి అక్కకు పాఠం చెప్పేవాడు. పెళ్ళి కావలసిన పిల్లను ఒంటరిగా ఉంచకూడదని అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టేది.

పెళ్ళికొడుకు కాబోయేవాడు కదా, కడదాకా కలిసి ఉండటం గురించిన నుడికారాలంటే బావకు మహా ఇష్టం. స్టాండ్ బై అంటే కష్టంలో పక్కన నిలబడటమనీ, టై ది నాట్ అంటే పెళ్ళాడటమనీ చెబుతుంటే, ముడి వేసుకునేదానికి గూడా ఇంగ్లీషు కావాల్నా అని నాయన మంచం మీదనుంచి నవ్వేవాడు. త్రూ థిక్ అండ్ థిన్ దగ్గర బావ చిక్కన, పల్చన అని ఆగి, అర్థం విడమరచలేక తడబడితే, చిక్కటి అంబలి తాగిన రోజైనా నీళ్ళ అంబలి తాగిన రోజైనా విడవకుండా ఉండటమే కదా అని అక్కే అందించింది. అప్పుడు బావ ఆమె వంక చూసిన చూపు నాకింకా గుర్తే. వారమంతా కంది చేలో కలుపు తీస్తూ అక్క ఆ మాటలే గొణుక్కుంటుంటే, పక్క సాలులో వాళ్ళు ప్రార్థన చేసుకుంటోందనుకునేవారు.

చదువయ్యాక బావకు హైదరాబాదులో ఉద్యోగమొచ్చింది. రాకపోకలు తగ్గాయి, ఆపైన ఆగిపోయాయి. ఒక ఎండాకాలం, అమ్మా నాయనా పనికి పోయి ఇంట్లో అక్కా నేనే ఉన్న వేళ, చెప్పాపెట్టకుండా వచ్చాడు. అక్క సంబరంగా అన్నం పెట్టింది. అతను కలపకుండానే, తలెత్తకుండానే, ఆఫీసులో తనతో పనిచేసే అమ్మాయిని చేసుకోబోతున్నాననీ, ఆమె పట్నంలో పెరిగిందనీ, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుందనీ చెప్పాడు.

అక్క చారు గిన్నె కింద పెట్టింది.

"నువ్వు చెప్పినవన్నీ నాకు వచ్చినాయి బావా. ఒక్కటి గూడా మర్చిపోలా."

ఏడ్చింది బావే. అక్క మాత్రం బస్సుకు టైమవుతుందని చెప్పి, దగ్గర కూర్చుని తినిపించి పంపింది.

మరుసటేడు అక్కను దర్శి వైపు ఒక లారీ డ్రైవరుకు ఇచ్చారు. ఆయన మంచివాడు, కాపురం సవ్యంగానే సాగింది. అక్క నోట మళ్ళీ ఇంగ్లీషు మాట మాత్రం నేను వినలేదు. ఆమె కోసం చెప్పిన పాఠాలు పక్కన కూర్చుని విన్న నాకు ఒంటబట్టాయి, అవే నాకు బతుకుతెరువయ్యాయి. నాకు ఉద్యోగమొచ్చిన రోజు అక్క నా తల నిమిరి, దొడ్డివైపు వెళ్ళి, ఎంతసేపటికీ లోపలికి రాలేదు. పోయినేడు ఆమె కన్నుమూసింది.

ఇప్పుడు మాట నేర్పడానికి ఎవరూ ఎదురుగా కూర్చోనక్కర్లేదు. ఇచ్చిన మాట తప్పడానికైనా అంతే, ఫోనులో రెండు ముక్కలు పంపితే సరిపోతుంది. ఎండలో బస్సు దిగి, నడిచి వచ్చి, అక్క ఎదుటే చెప్పిన బావను తలచుకుంటే ఒక్కోసారి ఆ రావడమే నయమనిపిస్తుంది. అక్కకు ఏది నయమో నేనెన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆమె లేదు.