చిప్ప మీద మూడు గాట్లు

సికింద్రాబాదులో తాళంచెవులు చేసే కొట్టు ముందు నిలబడి ఉన్నాను. కొట్టతను ఆకురాయితో ఇనుప ముక్కను గరగరా రాస్తున్నాడు. ఆ చప్పుడు చెవిన పడగానే విఠల్ సార్ గుర్తొచ్చారు. వెంటనే నోట్లో నీళ్లూరాయి. ఇంత వయసొచ్చినా ఊరాయే అని సిగ్గేసింది.

విఠల్ సార్ మాకు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. అల్వాల్‌లో చెరువు దగ్గర ఒంటరిగా ఉండేవారు. బతికున్న కప్పను ఒక్కసారైనా తీరిగ్గా చూడనివాడు చచ్చిన కప్పను కోయకూడదని ఆయన పట్టుదల. ఆదివారాలు నన్ను చెరువుకు తీసుకెళ్లేవారు. నల్ల తాబేలు దొరికితే ఒళ్లో పెట్టుకుని, చిప్ప అంచున ఆకురాయితో గాట్లు పెట్టి మళ్లీ నీళ్లలోకి వదిలేవారు. ఒక్కోదానికి ఒక్కో తీరు. మళ్లీ దొరికినప్పుడు ఎంత పెరిగిందో, ఎన్నేళ్లు బతుకుతుందో తెలుస్తుందని ఆశ. బతుకంతా ఈ పనికే పెట్టాలనుకున్నారు. వరుసగా మూడు గాట్లున్నది ఆయన మొదటి తాబేలు. దాన్ని ఇంట్లో మనిషిలాగా తలుచుకునేవారు.

ఆ చెరువులోనే చేపలు పట్టే ఎల్లవ్వ బుట్టలో ఒకసారి తాబేలు కనబడింది. సార్‌కి కోపం ఆగలేదు. గట్టు మీద నలుగురూ వింటుండగా, "ఒక్కపూట కూర కోసం గింత ప్రాణం తీస్తవా? సిగ్గుండాలె" అన్నారు. ఎల్లవ్వ తాబేలును నీళ్లలో వదిలి, ఖాళీ బుట్ట మీద కొంగు కప్పి వెళ్లిపోయింది. మా సార్ ఎంత గొప్పవారో అని నేను పొంగిపోయాను.

తరువాత నిజాం మీదికి సైన్యం దిగిన పోలీసు చర్య వచ్చింది. రైళ్లు ఆగిపోయి మా ఊరికి వెళ్లలేక సార్ ఇంట్లోనే చిక్కుకుపోయాను. బేగంపేట వైపు విమానాల మోత. దుకాణాలన్నీ మూత. డబ్బాలో జొన్నపిండి అడుగంటింది. తలుపు తీయాలంటే భయం. నీళ్లు తాగి పడుకునే స్థితికి వచ్చాక ఒక పొద్దున ఎల్లవ్వ తలుపు తట్టింది. చేతిలో రొట్టెలూ, గిన్నెలో కూరా. ఏం చేపమ్మా అని సార్ అడిగితే, "ముందుగాల తినుండ్రి సార్" అని గడపలోంచే తిరిగి వెళ్లింది. అబ్బ, ఏం రుచి! సార్ వేళ్లు నాక్కున్నారు. నేను గిన్నెను రొట్టెతో తుడిచి మరీ తిన్నాను.

మర్నాడు గిన్నె తిరిగి ఇవ్వడానికి ఇద్దరం వెళ్లాం. ఆమె గుడిసె పక్కన తాబేటిచిప్ప వెల్లకిలా పడి ఉంది. అందులో కోడిపిల్లలు నీళ్లు తాగుతున్నాయి. దాని అంచున వరుసగా మూడు గాట్లు. సార్ నిలువునా బిగుసుకుపోయారు. ఎల్లవ్వ బయటికి వచ్చి, ఎవరినైనా అడిగినట్టే, "తిన్నరా సార్?" అంది. ఆయన చిప్ప వంక చూస్తున్నారని గమనించి, "ఇంట్ల గదొక్కటే ఉండె సార్" అంది మెల్లగా. ఆమె వెనకాల ఇద్దరు పిల్లలు మా చేతిలోని గిన్నెలోకి తొంగి చూస్తున్నారు. అది ఖాళీగా ఉంది.

తిరిగి వస్తుంటే సార్, తాబేలు పోయిందని ఒక్క మాట అనలేదు. "పిల్లలు తిన్నరా అని సుత అడగకపోతిని. సిగ్గుండాల్సింది నాకురా" అన్నారు. ఆ తర్వాత కూడా తాబేళ్లకు గాట్లు పెట్టారు. కానీ ఎల్లవ్వ ఎదురుపడితే, ఆమె నోరు తెరవకముందే, తిన్నవా అవ్వా అని తనే అడిగేవారు. ఆమె లేదని చెబితే ఆ రోజు చెరువు మాటే ఎత్తేవారు కాదు.

నేనూ తాబేళ్ల వెంటే బతుకు గడిపాను. ఏ ఊరి చెరువుకు వెళ్లినా నాతో వచ్చిన కుర్రవాళ్లు చట్టం చెప్పబోతుంటే ఆపి, తాబేలు పట్టినవాళ్లను ముందు తిన్నారా అని అడుగుతాను. మొన్న యాప్రాల్‌లో నాకు సన్మానం చేసి, తాబేలుకు కలలోనైనా కీడు తలపెట్టని మనిషి అని పొగిడారు. ఎల్లవ్వ కూర రుచి నాలుక మీదికి వచ్చింది. తల దించుకున్నాను. వినయమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.