పిన్ని చెప్పని ముగింపు

పదో తరగతి పిల్లలకు పాఠం చెబుతుండగా మా స్కూలు అటెండరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జగ్గయ్యపేట నుంచి ఆఫీసుకు ఫోనొచ్చిందని, మా పిన్ని పొద్దున పోయిందని చెప్పాడు. పుస్తకం మూసి, పిల్లలకు ఏం చెప్పానో కూడా గుర్తులేకుండా నందిగామ బస్టాండుకు నడిచాను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. మనిషిని పడుకోబెట్టిన వసారా చూశాక వచ్చింది.

పదకొండో రోజుకు పిన్ని అత్తింటివాళ్ళు కార్డులు అచ్చు వేయించారు. పిన్ని ఫొటో కింద 'నోట్లో నాలుక లేని ఇల్లాలు, గడప దాటి ఎరగని సాధ్వి' అని ఉంది. అది చదివిన దగ్గర్నుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో కోపం ఎక్కువగా కనిపిస్తే పాఠకులు మన్నించాలి. ఆ ఇంటివాళ్ళు మన్నించనక్కర్లేదు.

పిన్ని మా అమ్మకు స్వయానా చెల్లెలు. పదిహేనేళ్ళకే జగ్గయ్యపేటలో పెద్ద వ్యవసాయం ఉన్న ఇంటికి ఇచ్చారు. బాబాయి మంచివాడే. అన్నగారి ఎదుట నోరు విప్పలేనంత మంచివాడు. పెత్తనమంతా ఆ అన్నగారిది. వరసకు నాకు పెదనాన్న అవుతాడు కానీ ఇక్కడ 'పెద్దాయన' అంటాను. నా వరకు ఆ మర్యాద చాలు. ఆయనా పోయి మూడేళ్ళయింది.

డెబ్బైల్లో నేను నందిగామలో హైస్కూలు చదువుతున్నాను. లైబ్రరీ కార్డు నా పేరున ఉండేది, చదివేది మాత్రం పిన్ని. ఆదివారం బస్సెక్కి, సంచిలో వంకాయల కింద పుస్తకం పెట్టుకుని వెళ్ళేదాన్ని. ఒకసారి లావుగా ఉంది కదా, వారమంతా వస్తుందని ఒక చైనా నవల అనువాదం పట్టుకెళ్ళాను. మరుసటి ఆదివారం నన్ను చూడగానే పిన్ని మంచినీళ్ళయినా ఇవ్వకుండా, "చైనాది ఇంకోటుందేమో చూడవే," అంది. మా లైబ్రరీలో అలాంటివి ఆరో ఏడో ఉండేవి. కూలిపోయిన రాజ్యాలు, కరువులు, పట్టుపురుగులు పెంచే ఇళ్ళు, పెద్దభార్య గదిలో తలవంచుకు నిలబడే చిన్నభార్యలు, అన్నీ పిన్నికి కంఠతా వచ్చాయి.

అక్కడ ఆడపిల్లల పాదాలు ఎదగకుండా గుడ్డలు బిగించి కట్టేవాళ్ళని చదివిన రోజు పిన్ని పాతచీర చింపి తన కాలికే కట్టుకుంది. వంటింటి నుంచి బావి దాకా పూటంతా అలాగే నడిచింది. "కాలికేమైందమ్మాయ్?" అని పెద్దాయన అడిగితే, "తేలు కుట్టిందండి బావగారూ," అంది. ఆయన వెళ్ళాక కట్టు విప్పి, కమిలిన వేళ్ళు నాకు చూపించింది. "వాళ్ళకి గుడ్డతో కట్టారు కాబట్టి కనపడిందే. అంతే తేడా," అంది.

ఆ వేసవి సెలవుల్లో నేను అక్కడే ఉన్నాను. ఒకరోజు పెద్దాయనకు భోజనం పావుగంట ఆలస్యమైంది. వంటింట్లోకి వచ్చి చూస్తే పిన్ని ఒళ్ళో పుస్తకం. ఆయన అరవలేదు, తిట్టలేదు. పుస్తకం తీసుకుని, చివరి పాతిక ముప్ఫై పేజీలు ఒక్కపట్టున చింపి, నీళ్ళకాగు కింద పొయ్యిలో పెట్టాడు. మిగిలింది పిన్ని చేతికిచ్చి, "చదువుకోమ్మా. నేనేం వద్దన్నానా," అన్నాడు. అంత నెమ్మదిగా అన్నందుకే ఆ మాటను నేనింకా క్షమించలేదు.

లైబ్రరీలో ఎవరు చింపారని అడిగారు. నేనే అన్నాను. ఏడాది పాటు నా కార్డు ఆపేశారు. ఆ ఏడాది నాకు ఒక్క పుస్తకం లేదు, పిన్నికీ లేదు.

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కోపాన్ని వచ్చినప్పుడే వాడెయ్యకూడదే. ఆవకాయలాగా ఊరనివ్వాలి," అంది.

వసారాలో మిరపకాయల తొడిమలు తీయటానికి పాతికమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. పిన్ని వాళ్ళ మధ్య కూర్చుని ఆ చిరిగిన నవల చెప్పటం మొదలుపెట్టింది. చైనా పేర్లు వాళ్ళ నోరు తిరగవని కథలోని పిల్లని "మన జి.కొండూరు పిల్ల అనుకోండి," అంది. నది పేరు పలకలేక, "చెవిటికల్లు దగ్గర కృష్ణ ఉంది చూడండి, దానికి నాలుగింతలు," అంది. ఇక కథలో కొండూరు పిల్లని పట్టుపురుగుల ఇంటికి ఇచ్చారు. ఆ ఇంట్లో ధాన్యం గది తాళం, గుమ్మం తాళం బావగారి మొల్లోనే ఉంటాయి. పిల్ల ఎలాగో తప్పించుకుని రేవుకు చేరింది. ఎదురుగా పడవ ఉంది, వెనక నుంచి బావగారి మనుషులు వస్తున్నారు. పిన్ని అక్కడ ఆపి తొడిమలు తీసుకుంటూ కూర్చుంది.

"పడవెక్కిందామ్మా?" అన్నారు అందరూ.

"నాకేం తెలుసు. ఆ పేజీలు మా బావగారు తీసుకున్నారు. ఆయన్నే అడగండి."

అడిగారు. మర్నాడు పొద్దున ఆయన వసారాలోకి రాగానే, "కొండూరు పిల్ల పడవెక్కిందా పెద్దయ్యగారూ?" అని అడిగారు. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడిపోయింది. పేజీలు చింపానని చెప్పలేడు, చదివానని చెప్పలేడు. వారం తిరిగేసరికి గడ్డం గీసే మనిషి అడిగాడు. వేదాద్రిలో స్వామి దర్శనానికి వెళితే అక్కడా ఎవరో అడిగారు. నేను చాటుగా నవ్వుకున్న నవ్వు నాకింకా గుర్తుంది.

కథ ఊళ్ళు దాటిన కొద్దీ అది కథన్న సంగతి జనం మర్చిపోయారు. ఒకరోజు జి.కొండూరు నుంచి ఒక పెద్దమనిషి ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మా ఊరి పిల్లనెవర్నో మీ ఇంట్లో తాళమేసి ఉంచారని విన్నామండి. ఒకసారి చూపిస్తే వెళ్ళిపోతాం."

"పిల్లా లేదు, గిల్లా లేదండి. అది చైనా పిల్ల," అన్నాడు పెద్దాయన.

"చైనా పిల్ల మీ ఇంటికెందుకొచ్చిందండి?"

పిన్ని తలుపు వెనక నిలబడి అంతా వింది. వాళ్ళకు మజ్జిగ పంపించింది కానీ ఒక్కమాట కలగజేసుకోలేదు. పెద్దాయన గంటసేపు చెమటలు కక్కి వాళ్ళను సాగనంపాడు. మర్నాడు విజయవాడ వెళ్ళి అదే నవల కొత్తది కొనుక్కొచ్చి పిన్ని ముందు పడేశాడు.

"చదివి, ఆ కూలోళ్ళకి చెప్పి నా పరువు నిలబెట్టమ్మాయ్," అన్నాడు.

పిన్ని మూడు రోజుల్లో చదివి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. ముగింపు నాకొక్కదానికే, అదీ ఒట్టు వేయించుకుని, చెప్పింది. వసారాలో ఎవరడిగినా, "పుస్తకం తెచ్చింది బావగారేగా, ఆయన్నే అడగండి," అంది. నవల చదవటం ఆయనకు నామోషీ. పిన్నిని అడగటం అంతకన్నా నామోషీ. ఏటా మిరపకాయలు కోతకొచ్చేవి, ఏటా ఆయన్ను అడిగేవాళ్ళు.

పోయేముందు ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. కొడుకులూ కోడళ్ళూ గుమ్మంలోంచి పలకరించి పోయేవాళ్ళు. జావ తాగించి, ఒళ్ళు తుడిచింది పిన్నే. ఆ సేవలో వంక పెట్టడానికి లేదు. ఒకరోజు నేను పక్కనే ఉన్నాను. ఆయన జావ మింగి, వంకర తిరిగిన నోటితో, "ఆ పిల్ల పడవెక్కిందా అమ్మాయ్?" అని అడిగాడు.

"పేజీలు మీ దగ్గరే ఉన్నాయిగా బావగారూ," అని పిన్ని ఆయన మూతి తుడిచి, గిన్నె తీసుకుని లేచింది.

"చెప్పొచ్చుగా పిన్నీ, పోయే మనిషికి," అన్నాను బయటికొచ్చాక.

"చెప్పొచ్చే," అంది. ఇంకో మూడుసార్లు అడిగాడట. చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు జాలి వేయలేదు, సంతోషం వేసింది.

నాకు చదవటం రుచి చూపించింది పిన్ని. కోపంగా ఉన్నా చేతిలో పని చెడకుండా చేసుకోవటం నేర్పింది కూడా ఆమే. నేనీ రోజు పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆమె చలవే. అలాంటి మనిషిని నోట్లో నాలుక లేనిదన్నారు.

పెద్దకర్మ భోజనాలయ్యాక పెద్దాయన పెద్దకొడుకు, నాకు వరసకు అన్నయ్య, నన్ను బస్సెక్కించటానికి వచ్చాడు. ఆ కార్డు రాయించింది అతనే. నేను కిటికీ పక్కన కూర్చున్నాక కాసేపు అటూ ఇటూ చూసి, "నాన్న ఆఖర్లో ఏదో పడవ సంగతి తెగ అడిగేవారు చెల్లెమ్మా. పిన్ని పెట్టెలో పుస్తకం వెతికితే దొరకలేదు. నీకేమన్నా తెలుసా?" అన్నాడు.

"తెలుసు," అన్నాను.

పుస్తకం నా ఒళ్ళో సంచిలోనే ఉంది. ఆ ఇంటివాళ్ళు ఈ పత్రిక తెప్పించుకుంటారు కాబట్టి ముగింపు ఇక్కడ కూడా రాయను. బస్సు కదిలింది. అతను కిటికీ ఊచ పట్టుకుని, నేనింకా ఏదో చెబుతాననుకుని, బస్సుతో పాటు నడిచాడు. తర్వాత పరిగెత్తాడు. నేను ముందుకు చూస్తూ కూర్చున్నాను.