బుజ్జిగాడు ఎక్కని లారీ

పశువుల కొట్టంలో పనివాళ్ళు ఆమెను ఎదురుగా "అక్కా" అనేవారు, చాటుగా "మిరపకాయ" అనేవారు. రెండో పేరు సంగతీ ఆమెకు తెలుసు. "ఘాటు లేకపోతే ఇక్కడ నా మాట ఎవడు వింటాడు?" అనేది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిందీ ఆ కోపంతోనే, కన్నతల్లే తన్ని తరిమిన దూడకు సీసాతో పాలు పట్టి బతికించిందీ ఆ కోపంతోనే.

ఆ దూడకు బుజ్జి అని పేరు పెట్టింది. పేరు అలాగే ఉండిపోయింది, దూడ మాత్రం దూడగా ఉండలేదు. పెరిగి పెరిగి, తల వంచితే తప్ప కొట్టం గుమ్మంలో పట్టనంత ఎద్దయింది. పక్కన నిలబడితే ఆమె తల దాని మూపురం దాకా కూడా రాదు. కొత్తవాళ్ళు చూసి నోరెళ్ళబెట్టేవారు. ఆమె పిలిస్తే మాత్రం బుజ్జిగాడు కుక్కపిల్లలా వెంట వచ్చేవాడు.

యజమాని వేరేచోట పొలం కొన్నాడు. మిగతా పశువులన్నీ అక్కడికి చేరాయి, బుజ్జి ఒక్కడే మిగిలాడు. లారీ నడిపేది ఆమె తమ్ముడే. "పైన కమ్మీలున్న బండి తేవద్దురా. పోయినసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే వాడి మూపురం చీరుకుపోయింది" అని ఆమె మరీమరీ చెప్పింది. "సరేలే అక్కా" అన్నాడు. తీరా వచ్చింది చూస్తే అదే బండి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నేను చెప్పింది ఏ చెవిన పెట్టావురా?"

"తల కిందికి కట్టేద్దాం అక్కా. ఇలా వెళ్ళి అలా దింపేస్తా. పశువేగా!"

"నిన్నూ అలాగే మెడ వంచి కట్టి తీసుకెళ్ళనా?"

"ఇక చాలమ్మా, ఎక్కించనీ" అన్నాడు యజమాని విసుగ్గా.

ఆమె ఆయనవైపు తిరిగేలోపే తమ్ముడు వెనక్కి వెళ్ళి ఎద్దు తోక మెలిపెట్టాడు. బుజ్జి ఒక్క ఉదుటున లారీకి ఆనించిన చెక్కబల్ల మీదికి దూకాడు. ఆ బరువుకు బల్ల ఫెళ్ళున విరిగింది. ముందుకాలు మోకాలి దాకా ఆ చీలికలో దిగబడింది. గింజుకుంటే కాలు విరగడం ఖాయం. ఆమె వాడి మెడను రెండు చేతులా వాటేసుకుని, "కదలకు నాన్నా, కదలకు" అంటూ చెవిలో గొణుగుతూనే ఉంది. పనివాళ్ళు ఒక్కో చెక్కముక్కా ఊడబీకారు. తోలు లేచిపోయినా ఎముక దక్కింది.

అప్పుడు లేచింది. ఇద్దరు పిల్లల తండ్రి అని కూడా చూడకుండా తమ్ముడి చెంప ఛెళ్ళుమనిపించింది. "మాటిచ్చి తప్పమని నేర్పానా నీకు?" యజమానినీ వదల్లేదు. "మీకూ చెప్తున్నా. వీణ్ణి ఈ బండి ఎక్కించాలంటే ముందు నన్ను తొక్కుకుంటూ పోవాలి." ఆయన వెనక్కి తగ్గాడు. తమ్ముడు బండెక్కి, తలుపు దబాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

గాయం మానేదాకా ఆమె బుజ్జిని కొట్టం దాటనివ్వలేదు. తమ్ముడు ఫోన్ చేస్తే తీయలేదు.

ఒక ఉదయం అతనే వచ్చాడు. యంత్రాలు మోసే పెద్ద లారీ, పైన కప్పూ లేదు, కమ్మీలూ లేవు. ఎవరిని బతిమాలి తెచ్చాడో చెప్పలేదు. దాన్ని మట్టిగట్టుకు ఆనించి నిలిపాడు. గట్టు, లారీ అడుగు ఒకే ఎత్తుకు వచ్చాయి. కాళ్ళు జారకుండా లోపల ఇసుక పోసి, గడ్డి పరిచాడు. ఆమె పక్క తలుపులు ఊపి చూసింది, అడుగుచెక్కల మీద ఎగిరి దూకింది. వంక దొరక్కపోయేసరికి ఇంకా మండింది.

తవుడు గంప పట్టుకుని ఆమె ముందు నడిచింది. బుజ్జి గట్టు మీంచి నేరుగా లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఆమె వాడి పక్కనే ప్రయాణం చేసింది. ప్రతి మలుపులో బండి నత్తలా కదిలింది. వెనకవాళ్ళు హారన్లతో చెవులకు చిల్లులు పొడుస్తుంటే తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎగిరిపోండిరా, రెక్కలుంటే!" అని అరిచాడు.

కొత్త పొలంలో బుజ్జిని దింపాక తమ్ముడు భయంభయంగా ఆమె దగ్గరికి వచ్చాడు. "ఇంకా కోపమేనా అక్కా?"

"ఇంకానే. రేపూ ఉంటుంది. ముందు వాడికి నీళ్ళు పట్రా."

అతను బకెట్లు అందుకున్నాడు.